ఊపిరికి వారాలు, ఎముకకు నెలలు

1966లో అమెరికాలోని డాలస్ నగరంలో అయిదుగురు యువకులు మూడు వారాలపాటు మంచం మీదే పడుకున్నారు. అందరివీ ఇరవై ఏళ్ళ అటూ ఇటూ వయసులు. ఎవరికీ ఏ జబ్బూ లేదు. ఇద్దరైతే రోజూ కసరత్తు చేసేవాళ్ళు. గుండెపోటు వచ్చినవాళ్ళను వారాల తరబడి కదలనివ్వకుండా మంచానికే పరిమితం చేయడం ఆ కాలపు వైద్యంలో మామూలు. కదలకుండా పడుకుంటే నిక్షేపంలాంటి గుండెకైనా ఏమవుతుందో బెంగ్ట్ సాల్టిన్, జెరె మిచెల్, వాళ్ళ సహచరులు కొలిచి చూశారు. ఒంట్లోకి తీసుకుని ఖర్చు చేయగల గరిష్ఠ ఆక్సిజన్ ఆ మూడు వారాల్లోనే నాలుగో వంతుకు పైగా పడిపోయింది. గుండె ఒక్కో స్పందనకు నెట్టే రక్తం తగ్గిపోయింది. తర్వాత ఎనిమిది వారాలు గట్టిగా కసరత్తు చేయిస్తే పోయిందంతా తిరిగి వచ్చింది. మొదట్లో పెద్దగా ఒళ్ళు వంచని ముగ్గురూ అసలు కొలతను కూడా దాటిపోయారు.

ముప్ఫై ఏళ్ళ తర్వాత అదే అయిదుగురినీ మళ్ళీ పిలిచి పరీక్షించారు. అప్పటికి వాళ్ళకు యాభై ఏళ్ళు, ఒళ్ళు చేశారు, పొట్టలు వచ్చాయి. అయినా ముప్ఫై ఏళ్ళ వయోభారం వాళ్ళ సామర్థ్యాన్ని తగ్గించింది కొంతే. ఆ మూడు వారాల మంచం అంతకన్నా ఎక్కువ తగ్గించింది. ఆరు నెలలు నడక, నెమ్మది పరుగు, సైకిలు తొక్కడం చేయించేసరికి యాభై ఏళ్ళ మనుషులు ఇరవై ఏళ్ళనాటి తొలి కొలతకు చేరుకున్నారు.

ఈ ప్రయోగాన్ని సాధారణంగా వ్యాయామం గొప్పతనానికి ఉదాహరణగా చెబుతారు. అది నిజమే. నాకు మాత్రం ఇందులో అంతకన్నా ముఖ్యంగా కనిపించేది వేగం. గుండె, రక్తం, ఊపిరి వారాల్లో జారిపోయాయి, వారాల్లోనే పుంజుకున్నాయి. శరీరంలో అన్నీ ఇలా ఉండవు. నరాలకు ఒక గడువు, కండకు ఒక గడువు, ఎముకకు మరొకటి. కండను ఎముకకు కట్టి ఉంచే టెండాన్‌దీ, ఎముకనూ ఎముకనూ కట్టి ఉంచే లిగమెంట్‌దీ ఇంకా నిదానం. ఆటల్లో, వ్యాయామంలో అయ్యే గాయాల్లో చాలావాటికి మూలం ఈ గడువుల తేడాలోనే ఉంది. ఊపిరి ‘ఇంకా పరిగెత్తగలను’ అంటుంది, కాలి ఎముక ఇంకా సిద్ధపడి ఉండదు. ఊపిరి తీరు మనకు తెలుస్తుంది. ఎముక లోపల ఏం జరుగుతున్నదో తెలియదు.

ముందు త్వరగా మారేవాటి సంగతి. వ్యాయామం మొదలుపెట్టిన తొలి వారంలోనే రక్తంలోని ద్రవభాగం, అంటే ప్లాస్మా, పెరుగుతుంది. దాంతో గుండెకు చేరే రక్తం పెరిగి, ప్రతి స్పందనకూ అది ఎక్కువ రక్తాన్ని నెడుతుంది. నాలుగు రోజుల క్రితం ఆయాసపెట్టిన మెట్లు ఇప్పుడు కాస్త తేలికగా అనిపించడానికి మొదటి కారణం ఇదే. ఎండకు అలవాటుపడటం కూడా ఈ కోవలోదే. పది, పన్నెండు రోజులు వేడిలో కొద్దికొద్దిగా శ్రమిస్తే చెమట తొందరగా పట్టడం మొదలవుతుంది, చెమటతో పోయే ఉప్పు తగ్గుతుంది. చల్లటి చోట సాధన చేసినవాడు నేరుగా మే నెల విజయవాడలో పోటీకి దిగడం ఎందుకు ప్రమాదమో దీన్నిబట్టి అర్థమవుతుంది.

నెలలు, ఏళ్ళు సాధన చేస్తే గుండె గదులే పెద్దవవుతాయి. స్వీడన్ వైద్యుడు సాలొమన్ హెన్షన్ 1899లో మంచు మీద దూరాలు పరిగెత్తే స్కీయింగ్ ఆటగాళ్ళ ఛాతీని వేళ్ళతో తట్టి చూసి, వాళ్ళ గుండెలు మామూలువాళ్ళ గుండెలకన్నా పెద్దవని రాశాడు. అది జబ్బా, అలవాటా అన్న చర్చ చాలాకాలం నడిచింది. ఇప్పుడు మనకు తెలిసింది ఏమిటంటే, బాగా సాధన చేసిన దూరపు పరుగుగాడి గుండె తీరిగ్గా కూర్చున్నప్పుడు నిమిషానికి నలభై సార్లే కొట్టుకోవచ్చు. ఒక్కో స్పందనలో నెట్టే రక్తం అంత ఎక్కువ కాబట్టి అన్ని సార్లు చాలు. కండ లోపల కూడా మార్పే. 1967లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో జాన్ హాలొసీ ఎలుకలను ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తించి, వాటి కండరాల్లో మైటోకాండ్రియాల సామర్థ్యం దాదాపు రెట్టింపు కావడం గమనించాడు. ఆక్సిజన్‌ను వాడి శక్తిని తయారుచేసేది అవే.

బలం కథ మరో రకం. జిమ్‌లో చేరిన మూడో వారానికే అంతకుముందు కదలని బరువును ఎత్తగలుగుతాం. అద్దంలో చూసుకుంటే చేతి మందంలో తేడా కనిపించదు. ఆ బలం కండ పెరిగి వచ్చింది కాదు, నరాల నుంచి వచ్చింది. మెదడు నుంచి వచ్చే ఆదేశాలు ఎక్కువ కండతంతువులను ఒకేసారి పనిలోకి దించడం నేర్చుకుంటాయి. 1894లో యేల్ విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ స్క్రిప్చర్ ఒక చేతికి మాత్రమే సాధన చేయిస్తే, సాధన చేయని రెండో చేతికి కూడా బలం వచ్చింది. నేటికీ ఫిజియోథెరపీలో ఇది పనికొస్తుంది. ఒక కాలికి పిండికట్టు ఉన్నప్పుడు బాగున్న కాలికి కసరత్తు చేయిస్తే, కట్టులోని కాలు అంతగా చిక్కిపోదు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో మన శ్రీకాకుళం జిల్లా బిడ్డ కరణం మల్లీశ్వరి 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130. శరీర బరువుకు హద్దు ఉన్న ఆటలో కండను ఇష్టం వచ్చినంత పెంచుకునే వీలుండదు. ఉన్న కండతో నరాలు ఎంత పని చేయించుకోగలవన్నదే అక్కడ ఏళ్ళ తరబడి జరిగే సాధన.

ఇక నొప్పి. అలిపిరి నుంచి తిరుమలకు దాదాపు 3,550 మెట్లు. ఎక్కేటప్పుడు ఆయాసం, చెమట. నడిచే దిగి వచ్చినవాళ్ళకు అసలు బాధ మర్నాడు, ఆ మర్నాడు. తొడలు రాయిలా బిగుసుకుంటాయి, కుర్చీలో కూర్చోవాలన్నా చేత్తో ఊతం పట్టుకోవాలి. కండల్లో లాక్టిక్ ఆమ్లం పేరుకుపోయిందని ఇప్పటికీ చాలామంది చెబుతారు, కొందరు కోచ్‌లు కూడా. అది సరికాదు. కసరత్తులో పుట్టిన లాక్టేట్ గంట, గంటన్నరలో రక్తంలోంచి తొలగిపోతుంది. పైగా దాన్ని గుండె, ఇతర కండరాలు ఇంధనంగా వాడుకుంటాయి. మర్నాటి నొప్పికి కారణం కండతంతువుల్లో ఏర్పడే సూక్ష్మమైన చిరుగులు, వాటిని సరిచేయడానికి శరీరం తెచ్చే వాపు. ఈ ఆలోచనను పరిశోధకుడు థియొడోర్ హఫ్ 1902లోనే రాశాడు. ఆ చిరుగులు ఎక్కువగా పుట్టేది కండ సాగుతూ బరువును ఆపవలసి వచ్చినప్పుడు. మెట్లు దిగడంలో తొడ ముందు కండ చేసే పని సరిగ్గా అదే. ఎక్కేటప్పుడు శక్తి ఎక్కువ ఖర్చవుతుంది. దిగేటప్పుడు కండ ఎక్కువ చిరుగుతుంది.

మంచి సంగతి ఏమిటంటే, ఒకసారి ఇలా నొప్పి పడ్డ కండ కొన్ని వారాలపాటు అదే పనికి మళ్ళీ అంత నొప్పి పడదు. కొండ దిగే ఆలోచన ఉన్నవాళ్ళు రెండు వారాల ముందు ఇంటి దగ్గర మెట్లు కొన్నిసార్లు దిగి ఉంటే చాలావరకు గట్టెక్కుతారు. చెడ్డ సంగతి కూడా ఉంది. అలవాటు లేని కండతో ఒక్కసారిగా విపరీతమైన పని చేయిస్తే తంతువులు చిరగడంతో ఆగక పగిలిపోయి, వాటిలోని ప్రోటీన్ రక్తంలో కలిసి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. మూత్రం కోలా రంగులోకి మారితే ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. పిల్లల చేత శిక్షగా వందల గుంజీలు తీయించడం ఇందుకే ప్రమాదం. గుంజీలో కిందికి దిగడం అంటే తొడ కండ సాగుతూ బరువును ఆపడమే. ఆ శిక్షను బడుల్లోంచి పూర్తిగా తీసేయాలి.

కండకు రక్తం పుష్కలం. చిరిగితే రోజుల్లో, వారాల్లో అతుక్కుంటుంది. ఎముక దగ్గరికి వచ్చేసరికి లెక్క మారిపోతుంది.

1855లో ప్రష్యా సైన్యంలోని వైద్యుడు బ్రైట్‌హౌప్ట్ ఒక వింత గమనించాడు. కుర్ర సైనికులకు దూరపు నడకల తర్వాత పాదాలు వాచి, నొప్పి పెడుతున్నాయి. దెబ్బ తగలలేదు, పడిపోలేదు. ఎక్స్‌రేలు వచ్చాక ఆ రహస్యం బయటపడింది. పాదం ఎముకల్లో సన్నటి పగుళ్ళు ఉన్నాయి. ఒక్క పెద్ద దెబ్బకు విరిగిన ఎముక కాదది, వేల చిన్న దెబ్బలకు అలిసిపోయిన ఎముక. డాక్టర్లు ఇప్పుడు స్ట్రెస్ ఫ్రాక్చర్ అంటారు.

ఎముక రాయి కాదు, దానిలో ప్రాణం ఉంది. భారం పడిన దిక్కున గట్టిపడుతుందని జర్మన్ వైద్యుడు జూలియస్ వోల్ఫ్ 1892లో సూత్రీకరించాడు. చిన్నతనం నుంచి టెన్నిస్ ఆడినవాళ్ళ భుజం ఎముక రాకెట్ పట్టే చేతివైపు స్పష్టంగా మందంగా ఉంటుంది. భారమే లేని అంతరిక్షంలో వ్యోమగాముల తుంటి ఎముక నెలకు ఒక శాతానికి పైగా కరుగుతుంది. అయితే ఎముక గట్టిపడే పద్ధతిలోనే ఒక చిక్కు ఉంది. పాత ఎముకలో సన్నటి చీలికలు వచ్చినచోటికి ముందు దాన్ని తినేసే కణాలు వస్తాయి. అవి మూడు వారాలు తవ్వుతాయి. ఆ తర్వాత కట్టే కణాలు వచ్చి, ఆ గుంతను నింపి, గట్టిపరచడానికి మూడు నెలలో, ఇంకా ఎక్కువో తీసుకుంటాయి. గుంత పూడ్చేలోపే బండ్లు వదిలిన రోడ్డులా, ఆ మధ్యకాలంలో ఎముక మొదటికన్నా బలహీనంగా ఉంటుంది. సరిగ్గా అదే సమయంలో ఊపిరి, గుండె, నరాలు బాగా పుంజుకుని మనిషిని ఇంకా దూరం, ఇంకా వేగంగా పరిగెత్తమంటాయి.

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పోలీసు కానిస్టేబుల్ ఉద్యోగానికి ప్రిలిమ్స్ పాసయ్యాక దేహదారుఢ్య పరీక్షలు ఉంటాయి. మగవాళ్ళు 1600 మీటర్లు పరిగెత్తాలి. అభ్యర్థులు వాటిని ‘ఈవెంట్స్’ అంటారు. అప్పటిదాకా పుస్తకాల ముందు కూర్చున్న కుర్రాళ్ళు, అమ్మాయిలు ఫలితం రాగానే తెల్లవారుజామున గ్రౌండ్‌కు చేరి రోజూ పరిగెత్తడం మొదలుపెడతారు. చాలామందికి వేరే దారి కనిపించదు. తేదీ దగ్గర పడుతుంటుంది, ఇంట్లో ఆశలు పెట్టుకుని ఉంటారు. మొదటి రెండు వారాలు టైమింగ్ వేగంగా మెరుగవుతుంది. తర్వాత ఎవరికో ఒకరికి మోకాలి కింద ముందు ఎముక నొప్పి మొదలవుతుంది. బలహీనత అనుకుని బ్యాండేజీ చుట్టి, నొప్పి మాత్ర వేసుకుని పరిగెత్తుతారు.

అమెరికా మెరైన్ దళంలో 1990లలో జరిగిన ఒక మార్పు వీళ్ళందరికీ చెప్పవలసింది. కొత్తగా చేరినవాళ్ళ శిక్షణలో పరుగు దూరాన్ని దాదాపు 40 శాతం తగ్గించారు. ఎముక పగుళ్ళు సగానికి పైగా తగ్గాయి. చివరి పరీక్షలో పరుగు వేగం మాత్రం దాదాపు అలాగే ఉంది. అంటే తీసేసిన ఆ పరుగు ఊపిరికి పెద్దగా ఇచ్చిందేమీ లేదు, ఎముకలను మాత్రం పగలగొట్టింది. దీనికి కారణం ఇంకో ప్రయోగంలో దొరుకుతుంది. 1984లో రూబిన్, లాన్యన్ అనే పరిశోధకులు కోడిజాతి పక్షుల రెక్క ఎముక మీద రోజూ కొలిచినంత భారం వేసి చూశారు. రోజుకు 36 సార్లు వేస్తే ఎముక పెరిగింది. 360 సార్లు వేసినా, 1800 సార్లు వేసినా అంతకుమించి పెరగలేదు. కొన్ని పదుల సార్లకే ఎముకకు కబురు అందిపోతుంది. తర్వాతివన్నీ అలసటే. కొన్ని గంటల విరామం తర్వాతే అది మళ్ళీ వినగలుగుతుంది. రోజూ పది కిలోమీటర్ల రోడ్డు పరుగుకన్నా రోజు విడిచి రోజు పరుగు, మధ్య రోజుల్లో సైకిలు, వాటితోపాటు కొద్దిపాటి గెంతులు ఎముకకు ఎక్కువ మేలు.

నొప్పి ఏ రకమో గుర్తుపట్టడానికి ఒక పద్ధతి ఉంది. కాలి ముందు ఎముక లోపలి అంచు వెంట వేలితో నొక్కుకుంటూ వెళ్ళాలి. జానెడు మేర అంతటా సలిపితే అది చాలావరకు ఎముక పైపొరకు, కండకు సంబంధించిన వాపు, భారం తగ్గిస్తే సర్దుకుంటుంది. ఒక్క వేలు పట్టేంత చోట మాత్రమే పదునుగా నొప్పి ఉంటే, నడిచినా, రాత్రి పడుకున్నా నొప్పి పెడుతుంటే పరుగు ఆపి ఎముకల డాక్టర్‌ను చూడాలి. మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో ఏమీ కనిపించకపోవచ్చు. ఎక్స్‌రే బాగుందంటే ఎముక బాగున్నట్టు కాదు. ఎమ్మారైలో తెలుస్తుంది.

శిఖరాన ఉన్నవాళ్ళకూ ఇది తప్పలేదు. 2022 ఆగస్టులో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో పి.వి. సింధు నొప్పితోనే ఆడి స్వర్ణం గెలిచింది. తర్వాత ఎడమ చీలమండలో స్ట్రెస్ ఫ్రాక్చర్ అని తేలింది. ప్రపంచ చాంపియన్‌షిప్‌కు దూరమై, 2023 జనవరిలో మలేసియా ఓపెన్‌లో మళ్ళీ కోర్టులోకి దిగింది. అయిదు నెలలు. ప్రపంచంలోని అత్యుత్తమ వైద్యం, ఫిజియోలు, ఆహారం అందుబాటులో ఉన్న ఆటగత్తెకు పట్టిన సమయం అది. జస్‌ప్రీత్ బుమ్రా నడుము ఎముకలో పగులు 2019లో బయటపడింది. 2023 మార్చిలో ఆపరేషన్ దాకా వెళ్ళింది. బంతి వేసే క్షణాన ముందు పాదం నేలను తాకినప్పుడు ఫాస్ట్ బౌలర్ ఒంటి మీద శరీర బరువుకు అయిదారు రెట్ల భారం పడుతుంది, నడుము అదే సమయంలో వెనక్కీ పక్కకీ వంగి ఉంటుంది.

అమ్మాయిల విషయంలో ఇంకో మాట ఉంది, అది కోచ్‌లకు చెప్పడానికి పిల్లలు సిగ్గుపడతారు. తిండి చాలకుండా కఠిన సాధన చేస్తే శరీరం ముందు పొదుపు చేసేది పునరుత్పత్తి వ్యవస్థ దగ్గర. నెలసరి ఆగిపోతుంది, ఈస్ట్రోజెన్ తగ్గుతుంది, ఎముక పలచబడుతుంది. ఆటల వల్ల నెలసరి ఆగడం మామూలే అనుకునే కోచ్‌లు ఉన్నారు. అది మామూలు కాదు, ప్రమాద సూచన. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో ఈ పరిస్థితికి ప్రత్యేకంగా పేరు పెట్టి, మగ ఆటగాళ్ళకూ తిండి చాలకపోవడం చేటేనని చెప్పింది. మన రెండు రాష్ట్రాల్లోనూ సగానికి పైగా ఆడవాళ్ళకు రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తేలింది. రక్తం తక్కువున్న అమ్మాయిని ‘స్టామినా లేదు’ అని ఇంకో రెండు రౌండ్లు ఎక్కువ పరిగెత్తించడం అన్యాయం. ముందు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించాలి.

ఎముకకన్నా నెమ్మదైనది టెండాన్. పిక్క కండను మడమకు కట్టే అకిలిస్ టెండాన్ ఒంట్లోకెల్లా మందమైనది. పరుగులో దాని మీద శరీర బరువుకు ఆరు నుంచి ఎనిమిది రెట్ల లాగుడు పడుతుంది. ఇది ఎంత నెమ్మదిగా మారుతుందో అణుబాంబుల వల్ల తెలిసింది. 1955 నుంచి 1963 దాకా ఆకాశంలో పేల్చిన పరీక్ష బాంబుల వల్ల గాలిలో కార్బన్-14 దాదాపు రెట్టింపయింది. ఒప్పందం కుదిరి ఆ పేలుళ్ళు ఆగాక ఏటేటా తగ్గుతూ వచ్చింది. ఆ కార్బన్ మొక్కల ద్వారా తిండిలోకి, తిండి ద్వారా ఒంట్లోకి చేరింది. కాబట్టి ఒంట్లో ఏ భాగం ఏ ఏడాది తయారైందో అందులోని కార్బన్-14 చూసి లెక్కకట్టవచ్చు. డెన్మార్క్ శాస్త్రవేత్తలు 2013లో అకిలిస్ టెండాన్ మధ్యభాగాన్ని ఇలా పరీక్షిస్తే, అది దాదాపు పదిహేడేళ్ళ వయసులోపు తయారైనదేననీ, తర్వాత పెద్దగా మారలేదనీ తేలింది. అదే మనుషుల కండరాలు మాత్రం ఎప్పటికప్పుడు కొత్తవవుతున్నాయి.

నాకు తెలిసినంతలో వ్యాయామ శాస్త్రంలో ఇంత విస్మయం కలిగించే ఫలితం మరొకటి లేదు. నలభై ఏళ్ళ వయసులో మళ్ళీ షటిల్ రాకెట్ పట్టుకునేవాడి మడమ వెనక ఉన్నది ఇంటర్మీడియట్ చదివేనాటి టెండాన్. పిక్క కండ రెండు నెలల్లో బలపడి దాన్ని మరింత గట్టిగా లాగుతుంది. ఆదివారం ఒక్కరోజే రెండు గంటలు ఆడేవాళ్ళలో, వెనకనుంచి ఎవరో తన్నినట్టు అనిపించి తిరిగి చూస్తే ఎవరూ లేకపోవడం టెండాన్ తెగినప్పుడు చాలామంది చెప్పే అనుభవం. సిప్రోఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్స్ ఈ ప్రమాదాన్ని పెంచుతాయి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2008లో వాటి మీద తీవ్ర హెచ్చరిక ముద్రించమంది. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకుని వేసుకునే మాత్రలవి. వాటిని వాడుతున్న రోజుల్లో ఆటకు దూరంగా ఉండాలి.

టెండాన్ నొప్పికి పూర్తి విశ్రాంతి మందు కాదని చెప్పిన సంఘటన కూడా ఆసక్తికరమైనదే. 1990లలో స్వీడన్‌లోని ఎముకల సర్జన్ హొకాన్ ఆల్‌ఫ్రెడ్సన్‌కు అకిలిస్ నొప్పి పట్టుకుంది. ఆపరేషన్ చేయమని అడిగితే పై అధికారి ఒప్పుకోలేదు. టెండాన్ తెగిపోతే ఆపరేషన్ చేయక తప్పదు కదా అని, దాన్ని తెంపే ఉద్దేశంతో నొప్పిని లెక్కచేయకుండా భారంతో కసరత్తు మొదలుపెట్టాడు. తెగలేదు సరికదా నయమైంది. తర్వాత పదిహేను మంది రోగుల మీద పద్ధతిగా చేసి 1998లో ప్రచురించాడు. మెట్టు అంచున మునివేళ్ళ మీద నిలబడి, మడమను నెమ్మదిగా మెట్టు కిందికి దించాలి. మోకాలు నిటారుగా ఉంచి పదిహేనేసి మూడుసార్లు, కాస్త వంచి పదిహేనేసి మూడుసార్లు, పొద్దున సాయంత్రం. రోజుకు 180, పన్నెండు వారాలు. నొప్పి తగ్గాక వీపు సంచిలో బరువు పెంచుతూ పోవాలి. పదిహేను మందీ మళ్ళీ పరుగుకు తిరిగి వెళ్ళారు. అందరికీ అంత బాగా కుదరదని తర్వాతి పరిశోధనల్లో తెలిసినా, నెమ్మదిగా పెంచే భారమే టెండాన్‌కు వైద్యమన్న మాట నిలబడింది.

మోకాలి గుజ్జు, అంటే మృదులాస్థి, సంగతీ ఇంతే. అందులోని కొలాజెన్‌ను కూడా కార్బన్-14తో పరీక్షిస్తే పెద్దయ్యాక కొత్తగా తయారైన జాడ లేదు. రక్తనాళాలు లేని కణజాలం కాబట్టి దెబ్బతిన్న గుజ్జు తిరిగి మునుపటిలా కావడం కష్టం. సైనా నెహ్వాల్ 2016 రియో ఒలింపిక్స్‌కు మోకాలి బాధతోనే వెళ్ళింది, వచ్చాక ఆపరేషన్ చేయించుకుంది, తర్వాతి ఏళ్ళలో కీళ్ళ అరుగుదల ఆమె ఆటనే ఆపేసింది. దీన్ని చూపించి ‘పరిగెత్తితే గుజ్జు అరిగిపోతుంది’ అనేవాళ్ళు చాలామంది ఉన్నారు. మామూలు మనిషికి ఆ భయం అక్కర్లేదు. చాలా అధ్యయనాలను కలిపి 2017లో చేసిన విశ్లేషణలో తుంటి, మోకాలి కీళ్ళ అరుగుదల సరదాగా పరిగెత్తేవాళ్ళలో 3.5 శాతం, అసలు పరిగెత్తనివాళ్ళలో 10.2 శాతం, పోటీల స్థాయిలో పరిగెత్తేవాళ్ళలో 13.3 శాతం ఉంది. గుజ్జుకు ఆహారం అందేది కీలు కదిలి, నొక్కుకుని, వదులైనప్పుడే.

బెణుకుకు మంచుగడ్డ పెట్టడం అందరికీ తెలిసిన చిట్కా. విశ్రాంతి, ఐసు, కట్టు, కాలు ఎత్తి పెట్టడం అనే నాలుగింటినీ కలిపి ఒక సూత్రంగా చెప్పింది అమెరికా వైద్యుడు గేబ్ మర్కిన్, 1978లో. 2014లో ఆయనే, ఐసు, పూర్తి విశ్రాంతి మానడాన్ని ఆలస్యం చేయవచ్చని రాశాడు. వాపు మరమ్మతులో భాగం. నొప్పి భరించలేకపోతే మొదటి కొన్ని గంటలు ఐసు పెట్టుకోవచ్చు, తర్వాత నొప్పి హద్దులో కదిలించడం మంచిది. నాలుగు అడుగులు కూడా వేయలేకపోయినా, చీలమండ ఎముక మీద నొక్కితే నొప్పి ఉన్నా ఎక్స్‌రే తీయించాలి.

అన్నిటికన్నా కఠినమైన గాయం మోకాలి లోపలి లిగమెంట్ తెగడం. ఆటగాళ్ళు ఏసీఎల్ అంటారు. మూడు సెంటీమీటర్ల పొడవుంటుంది. చాలాసార్లు ఎవరూ తగలకుండానే, గెంతి దిగేటప్పుడో, పరుగులో ఒక్కసారిగా తిరిగినప్పుడో తెగుతుంది. కబడ్డీలో కాలు పట్టులో చిక్కి ఒళ్ళు తిరిగినప్పుడు కూడా. తెగిన కొసలు కీలు ద్రవంలో ఉండటం వల్ల వాటి మధ్య రక్తం గడ్డకట్టి నిలవదు, కాబట్టి తనంతట తాను అతుక్కోవడం చాలా అరుదు. పుల్లెల గోపీచంద్‌కు 1994లో ఇదే జరిగింది. కొన్ని ఆపరేషన్ల తర్వాత 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టైటిల్ గెలిచాడు. ఆ ఏడేళ్ళను విజయగాథగా చెప్పుకున్నంతగా వైద్యగాథగా చెప్పుకోలేదు.

ఆపరేషన్‌లో ఒంట్లోని మరో టెండాన్ ముక్కను తెచ్చి లిగమెంట్ స్థానంలో బిగిస్తారు. కొత్తచోట ఆ ముక్కలోని కణాలు మొదట చనిపోతాయి. తర్వాత రక్తనాళాలు పాకి, కొత్త కణాలు చేరి, నెలల తరబడి అది లిగమెంట్‌గా మారుతుంది. రెండు మూడు నెలల ప్రాంతంలో బిగించిననాటికన్నా బలహీనంగా ఉంటుంది. ఆటగాడికి మోకాలు బాగైపోయిందని, నొప్పి లేదని అనిపించేది కూడా ఆ రోజుల్లోనే. నార్వే పరిశోధకులు 2016లో లెక్కకట్టి చెప్పింది ఏమిటంటే, ఆటకు తిరిగి రావడాన్ని తొమ్మిది నెలల దాకా వాయిదా వేసిన కొద్దీ, వేసిన ప్రతి నెలకూ మళ్ళీ గాయపడే అవకాశం దాదాపు సగానికి తగ్గుతుంది. ఆరో నెలలో జిల్లా టోర్నమెంట్ ఉందని కుర్రాణ్ణి దింపే కోచ్‌కు ఈ ఒక్క అంకె తెలియాలి.

నివారణ ఖరీదైనది కాదు. నార్వేలోనే 13 నుంచి 17 ఏళ్ళ ఫుట్‌బాల్ ఆడపిల్లలు 1,892 మంది మీద 2008లో ఒక అధ్యయనం జరిగింది. ఆటకు ముందు ఇరవై నిమిషాల ప్రత్యేక వార్మప్ చేయిస్తే గాయాలు దాదాపు మూడో వంతు తగ్గాయి, తీవ్రమైనవి ఇంకా ఎక్కువ తగ్గాయి. అందులో యంత్రాలేమీ లేవు. ఒంటికాలి మీద నిలబడటం, గెంతి మోకాలు లోపలికి వాలకుండా దిగడం, పరుగులో దిక్కు మార్చడం, నడుము బిగించే ఆసనంలాంటి భంగిమలు. గురుకులాల్లో కబడ్డీ, ఖోఖో ఆడే పిల్లలకు పీఈటీలు ఇవన్నీ మట్టి మైదానంలోనే నేర్పవచ్చు.

వాటిలో తొడ వెనక కండకు పనికొచ్చే ఒక కసరత్తు ఉంది. ఒకరు మోకాళ్ళ మీద నిలబడితే ఇంకొకరు వెనక నుంచి చీలమండలు గట్టిగా పట్టుకుంటారు. ముందున్నవాళ్ళు నడుము వంచకుండా, ఒళ్ళంతా నిటారుగా ఉంచి, ఎంత నెమ్మదిగా వీలైతే అంత నెమ్మదిగా ముందుకు వాలుతూ వచ్చి చివర్లో చేతులతో నేలను ఆనుకుంటారు. దీన్ని వార్మప్‌లో చేర్చిన జట్లలో తొడ వెనక కండ గాయాలు దాదాపు సగానికి తగ్గినట్టు 2019లో చేసిన విశ్లేషణ చెబుతోంది. సాగుతూ బరువును ఆపే కసరత్తు కాబట్టి మొదటివారం నొప్పి తప్పదు. అందుకని తొలివారం ఒక్కరోజు మాత్రమే, అయిదేసి రెండుసార్లు. రెండోవారం నుంచి వారానికి రెండు రోజులు, పది వారాల మీద నెమ్మదిగా పెంచుకుంటూ పోవాలి. మ్యాచ్‌కు ముందు రోజు చేయించకూడదు.